అల్లుడుగారి పాదముద్రలు

చిరంజీవి చిట్టికి,

నీ మేనమామ దీవించి రాయించేది. ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. కొట్లో వైర్లే బాగాలేవు.

"రాయించేది" అన్నాను, గమనించావా? నా రెండు కళ్ళకూ పొరలు కమ్మేశాయి. మొన్న ఒకావిడ బాగుచెయ్యమని ఇస్త్రీపెట్టె ఇస్తే రేడియో అనుకుని చాలాసేపు స్టేషన్ కోసం వెతికాను. అందుకని నేను చెబుతుంటే మీ బావ రాస్తున్నాడు. నీ జవాబు వస్తే వాడే చదివి వినిపిస్తాడు. ఫోన్ మాట మాత్రం ఎత్తకు. ఫోన్‌లో నీ మాట నాకు వినిపించదు, నా మాట వీధి చివరిదాకా వినిపిస్తుంది.

నీకు ఎలుకల ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని మా అక్క చెప్పింది. సంతోషం. అంత చదువూ చదివి చివరికి ఎలుకలు పట్టే ఉద్యోగమా అని నలుగురూ అంటారు, అననీ. నాకు మాత్రం పెద్ద సాయం. కొట్లో వైరన్నది కనబడితే చాలు, ఎలుకలు కొరికేస్తున్నాయి. మీ ఆఫీసులో అసలైన ఎలుకల మందు ఉంటుంది కదా, ఒక పొట్లం పంపు.

చిత్రం చూడు, వెనకగదిలో అన్నీ కొరికాయి గానీ మీ అత్తయ్య మందుల డబ్బా ఒక్కటి ముట్టుకోలేదు. మనిషి పోయినా ఆవిడంటే వాటికి ఇంకా భయమే. నేను రోజూ పొద్దున్నే ఆ డబ్బా తుడిచి, మూత గట్టిగా పడిందో లేదో నొక్కి చూసి, ఆ తర్వాతే కొట్టు తీస్తాను.

ఇట్లు,
మీ మామయ్య (చేతిరాత నాది కాదు, చిరాకు మాత్రం నాదే)

తా.క.: ఇది రాసేవాడి మాట. అది రేడియో కాదని తెలిశాక కూడా నాన్న ఇస్త్రీపెట్టెను చెవి దగ్గర పెట్టుకుని వార్తలు వింటున్నట్టు నటించారు. ఎందుకంటే ఆవిడ నవ్వుతోందట. ఆపడం ఎందుకన్నారు. — బావ

* * *

మామయ్యకు నమస్కారాలు,

నీ ఉత్తరం చూసి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. తర్వాత ఒళ్ళు మండింది. మామయ్యా, నేను ఎలుకలు పట్టను, చంపను. మాది పరిశోధనశాల. మేము ఎలుకలకు మందు పెడతాం. చంపే మందు కాదు. అలవాటయ్యే మందు. ఒక ప్రాణికి మందు ఎలా అలవాటవుతుంది, ఆ అలవాటు మెదడులో ఎక్కడ పాతుకుంటుంది అన్నదే మా పని.

నేను పనిచేసే గదికి కిటికీ లేదు. గోడ పొడుగునా చిన్న చిన్న పెట్టెలు. ప్రతి పెట్టెలో ఒక ఎలుక, ఒక మీట, మీట పైన ఒక చిన్న దీపం. ఎలుక మీట నొక్కితే దీపం వెలుగుతుంది, సన్నటి గొట్టంలోంచి కాస్త మందు దాని ఒంట్లోకి వెళుతుంది. మొదట పొరపాటున నొక్కుతుంది. తర్వాత కావాలని నొక్కుతుంది. ఆ తర్వాత తిండి మానేసి నొక్కుతుంది. రోజంతా రంపపు పొట్టు వాసన, టకటక చప్పుడు. సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా నా చెవుల్లో అవే మీటలు.

మా గదిలో ఒక ముసలి ఎలుక ఉంది. నేను తలుపు తీయగానే నిలబడి నావైపు చూస్తుంది. పేర్లు పెట్టకూడదని మా పెద్దాయన నియమం. కానీ దాన్ని వట్టి ఎలుక అనడానికి నోరు రావడం లేదు.

ఉంటాను,
చిట్టి

తా.క.: బావా, నీ దస్తూరి ఇలా వంకరపోయిందేమిటి? గోడమీద సున్నం గీతల్లా ఉంది.

* * *

చిరంజీవి చిట్టికి,

నీ ఉత్తరం మీ బావ చదువుతుంటే నా గుండె గుభేలుమంది. ఎలుకలకు మందు పోస్తున్నారా! మా వీధిలో మనుషులకే దొరక్క కొట్టుకు చస్తుంటే, ఎలుకలకా? గ్లాసుల్లో పోస్తారా, తొట్టిలోనా? నంజుకోవడానికి ఏమైనా పెడతారా, ఉత్తదేనా? తాగిన తర్వాత అవి ఇంటికెలా వెళతాయి? పక్కకొట్టు దర్జీ అడిగితే మా మేనకోడలు ఎలుకల సారాకొట్టు నడుపుతోందని చెప్పాను. అతను నోరు తెరిచి, చూసుకోకుండా సూదిమీద కూర్చున్నాడు.

ఆ ముసలి ఎలుకకు పేరు నేను పెడుతున్నాను. అల్లుడుగారు. కూర్చున్నచోటికి తిండి, వేళకు పక్క మార్చడం, గుమ్మంలోకి ఎవరొచ్చినా లేచి చూడటం, ఏ పనీ లేకుండా మీట నొక్కుతూ కూర్చోవడం. ఇంతకంటే అల్లుడి లక్షణాలు ఏం కావాలి?

ఒక మాట. మా వీధి చివర వడ్రంగి ఉన్నాడు చూడు, అతని కొడుక్కి ఇలాంటి అలవాటే పడింది. మందు కాదు, బిళ్ళలు. మంచివాడే. తెలివైనవాడు. వాళ్ళ నాన్నకు ఏం చెయ్యాలో తోచడం లేదు. తిట్టాడు, బతిమాలాడు, గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. చిట్టీ, మీ ఎలుకలు మానేస్తాయా? మానేసేది ఒక్కటైనా ఉందా? ఉంటే అది ఎలా మానిందో వివరంగా రాయి. వడ్రంగి పాపం బెంగపెట్టుకున్నాడు.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: వడ్రంగిగారికి ఉన్నది ముగ్గురు కూతుళ్ళు. కొడుకు లేడు. నాన్న చెప్పింది చెప్పినట్టు రాయడం నా ఉద్యోగం కాబట్టి రాశాను. దస్తూరి సంగతి ఇప్పటికి నీకు అర్థమయ్యే ఉంటుంది. — బావ

* * *

మామయ్యకు నమస్కారాలు,

మందు అంటే ఆ మందు కాదు మామయ్యా! గ్లాసులూ లేవు, నంజుకోవడమూ లేదు. ఇది నొప్పి తగ్గించే మందు జాతి. చివరి రోజుల్లో అత్తయ్యకు ఇచ్చారే, దాని చుట్టం. దర్జీగారికి ఈ సంగతి చెప్పు. సూది తగిలినచోట నా తరఫున క్షమాపణ కూడా చెప్పు.

నువ్వు అడిగినదానికి జవాబు. మందు ఆపేస్తే ఎలుక కొన్నాళ్ళు పిచ్చిపట్టినట్టు మీట నొక్కుతుంది. ఏమీ రాదు. విసిగి మానేస్తుంది. చూసేవాళ్ళం మానేసిందని సంబరపడతాం. అల్లుడుగారూ అలాగే మానేశారు. చాలా రోజులు మీట వైపు చూడనైనా చూడలేదు. నేను మా పెద్దాయనతో గొప్పగా చెప్పుకున్నాను. మర్నాడు మీట పైన దీపం ఒక్కసారి వెలిగించాం. అంతే. మందు లేదు, గొట్టం లేదు, ఉత్త దీపం. అల్లుడుగారు పరుగెత్తుకుంటూ వెళ్ళి మీట మీద పడ్డారు.

మెదడులో సంబరానికి ఒక చోటుంది మామయ్యా. మొదట్లో మందు వచ్చాక ఆ చోటు మేలుకుంటుంది. అలవాటయ్యాక మందు రానక్కర్లేదు, దీపం చాలు. అప్పుడు కలిగేది సుఖం కూడా కాదు, తహతహ. సుఖం ఎప్పుడో పోతుంది, తహతహ మిగులుతుంది. ఈ మాట పుస్తకంలో చదివినప్పుడు బాగానే ఉంది. అల్లుడుగారు ఉత్త మీటను కొరుకుతుంటే చూడలేక బయటికి వచ్చేశాను.

కాబట్టి వడ్రంగిగారికి చెప్పు. కొడుకును తిట్టి లాభం లేదు. ఆ అబ్బాయి దీపం ఏమిటో వెతకమను.

ఉంటాను,
చిట్టి

తా.క.: బావా, వడ్రంగిగారి కొడుకును అడిగానని చెప్పు. వాడు లేకపోయినా సరే.

* * *

చిరంజీవి చిట్టికి,

దీపం వెతకమన్నావు, వెతికాను. నేనెవరిని? ఇన్నేళ్ళుగా ఈ వీధిలో దీపాలు వెలిగించేదీ ఆర్పేదీ నేనే. వడ్రంగి కొడుకు రోజూ నడిచే దారిలో ఎదురుగా మందుల షాపు ఉంది. దానికి పచ్చదీపాల బోర్డు. కళ్ళు లేని నాకే కనబడుతుందంటే అది ఎంత దీపమో చూసుకో. మధ్యాహ్నం షాపువాడు భోజనానికి వెళ్ళినప్పుడు నిచ్చెన వేసుకుని ఎక్కి తీగ కత్తిరించాను. తడిమి కత్తిరించడంలో చిన్న తేడా వచ్చింది. బోర్డుతోపాటు దర్జీ మిషనూ, మంగలికొట్టు ఫ్యానూ, మొత్తం ఆ వరసంతా ఆగిపోయింది. సగం గడ్డంతో ఒక పెద్దమనిషి బయటికి వచ్చి నన్ను తిట్టిన తిట్లు మీ బావ రాయనంటున్నాడు.

షాపువాడు పళ్ళు నూరుతున్నాడు. నూరనీ. ఆ బోర్డు మళ్ళీ బాగుచెయ్యాలంటే వాడు రావలసింది నా దగ్గరికే.

ఇంకో సంగతి. మీ అత్తయ్య మందు ఎలుకలకు ఎందుకు? వాటికేం నొప్పి?

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: చిట్టీ, ఆ పచ్చబోర్డు నాకు దీపం కాదు. అమ్మ పక్కన కూర్చుని వేళకు బిళ్ళ వేసింది నేనే కదా. ఆ రేకుడబ్బా మూత తీసి పెట్టేది నేనే. టక్ మనేది. ఆ చప్పుడు వింటే అమ్మ ముఖం తేరుకునేది, ఇంకా బిళ్ళ నోట్లో పడకుండానే. అమ్మ పోయాక మిగిలినవి నేను వేసుకున్నాను, నిద్ర పట్టడం లేదని. ఇప్పుడు ఎన్నాళ్ళు మానినా సరే, పొద్దున్న నాన్న ఆ డబ్బా తుడిచి మూత నొక్కుతారు. టక్. నాకు కాళ్ళు ఆగవు. చొక్కా వేసుకుని బిళ్ళల కోసం బయటపడతాను. ఈ తా.క. ఆయనకు చదివి వినిపించడం లేదు. ఇంత రాశానేమిటని అడిగితే, తిట్లు రాస్తున్నానని చెప్పాను. — బావ

* * *

మామయ్యకు నమస్కారాలు,

మొదట మంచి కబురు. మా పెట్టెల్లో కొత్తగా రెండో తలుపు పెట్టాం. ఒకవైపు మీట, ఇంకోవైపు తలుపు. తలుపు అవతల ఇంకో ఎలుక. మీట నొక్కితే మందు, తలుపు తోస్తే తోడు. రెండిట్లో ఏదో ఒకటే. అల్లుడుగారు మీట దగ్గరికి వెళ్ళి ఆగి, వాసన చూసి, వెనక్కి తిరిగి తలుపు తోశారు! ఒకసారి కాదు, అలా తోస్తూనే ఉన్నారు. నేను గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఒంటరిగా గొళ్ళెం వేసి ఉంచిన ఎలుక ఇలా చెయ్యదు. వడ్రంగిగారిని గొళ్ళెం తియ్యమను.

ఇప్పుడు అసలు మాట. బావా, ఈ పేరా మామయ్యకు నువ్వు చదివి వినిపించాలి. అక్షరం మింగకుండా వినిపించాలి. మామయ్యా, వెనకగదిలో ఉన్న అత్తయ్య మందుల డబ్బా అక్కడినుంచి తీసెయ్యి. దాని మూత చప్పుడే బావకు దీపం. పారెయ్యమనడం లేదు. నాకు పంపు, కళ్ళకద్దుకుని దాచుకుంటాను. రోజూ పొద్దున్న మాత్రం ఆ మూత నొక్కకు.

ఈ ప్రయోగం అయిపోగానే సెలవు పెట్టి వస్తాను.

ఉంటాను,
చిట్టి

తా.క.: బావా, చదివావా? ఒట్టు వెయ్యి.

* * *

చిరంజీవి చిట్టికి,

అల్లుడుగారు తలుపు తోసిన సంగతి విని కొట్లో ఉన్న అందరికీ టీ పోయించాను. దర్జీ కూడా సంతోషించాడు, నిలబడే తాగాడు. వడ్రంగి గొళ్ళెం తీసేశాడు.

నీ ఉత్తరం చివర్లో నన్ను పుల్లటివి తగ్గించమనీ, పడుకునే ముందు కాళ్ళు కడుక్కోమనీ రాశావట. మీ బావ చదివాడు. అలాగే కడుక్కుంటున్నాను. ఎలుకల పరిశోధనకూ నా కాళ్ళకూ సంబంధం ఏమిటో అర్థం కాలేదు గానీ, చదువుకున్నదానివి, ఏదో ఉండే ఉంటుంది. ఎడమకాలు ముందు కడగాలా, కుడికాలా? జవాబు రాయి. వివరంగా రాయి.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: ఒట్టు వెయ్యలేదు కాబట్టి తప్పినట్టు కాదు. చదవబోయాను చిట్టీ. ఆయన చెవి ఇటు పెట్టి, ముఖం నిండా నవ్వుతో వింటున్నారు. అమ్మ పోయాక ఆయనకు మిగిలిన పని ఆ డబ్బా తుడవడం ఒక్కటే. నీ కొడుకు చెడిపోయింది దీనివల్లేనని నా నోటితో నేనెలా చదవను? — బావ

* * *

[కాగితం నిండా, ఒక్కో అక్షరం బెత్తెడు ఎత్తున, కుంచెతో]

మామయ్యా
అత్తయ్య డబ్బా
తీసెయ్యి
బావ కోసం

* * *

చిరంజీవి చిట్టికి,

నీ కానుక అందింది. కాగితం విప్పితే నల్లగా ఏవో మచ్చలు మసకమసగ్గా కనబడ్డాయి. ఏమిట్రా అంటే, అల్లుడుగారి పాదాలు సిరాలో ముంచి కాగితం మీద నడిపించావని మీ బావ చెప్పాడు. చెప్పి ఎంత నవ్వాడనుకున్నావు! పొట్ట పట్టుకుని నేలమీద కూర్చుని నవ్వాడు. వాడు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. నేనూ నవ్వాను. ఎలుకకు అంత పెద్ద పాదాలేమిటని అడిగితే, మందు వల్ల వాచాయన్నాడు.

ఆ కాగితాన్ని వెనకగదిలో, మీ అత్తయ్య డబ్బా పైన, గోడకు మేకులు కొట్టి పెట్టాను. రోజూ డబ్బా తుడిచేటప్పుడు అల్లుడుగారి పాదాలకు కూడా ఒక దణ్ణం పెడుతున్నాను. అవి ముందుకాళ్ళా, వెనకకాళ్ళా? రాయి.

వడ్రంగి కొడుకు బాగున్నాడు. ఈమధ్య ఎక్కువగా ఇంటిపట్టునే ఉంటున్నాడు. నా కళ్ళకు ఆపరేషన్ చేయించాలని మీ బావ పట్టుబట్టాడు. షుగరు ఉంది కాబట్టి ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుంటారట. నాకిప్పుడు కళ్ళెందుకు, వాడు చదువుతున్నాడుగా అంటే వినడం లేదు.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: కళ్ళు వస్తే నీ ఉత్తరాలన్నీ ఆయనే చదువుకుంటారు చిట్టీ. నేను చెప్పలేనిది గోడే చెబుతుంది. అప్పుడు ఆయన నన్ను తిట్టినా పడతాను. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ డబ్బా తుడిచే పని నాకు అప్పజెప్పారు. మూత నొక్కడం మరిచిపోవద్దన్నారు. — బావ

* * *

మామయ్యకూ బావకూ,

ఆపరేషన్ ఎలా జరిగింది? ఇంతకుముందు రాసినదానికీ జవాబు లేదు. ఫోన్ చేసినా ఎవరూ ఎత్తడం లేదు. బావా, నువ్వు డబ్బా ముట్టుకోకు. తుడవకపోతే కొంపలేమీ మునగవు. ఆ పని దర్జీగారికి ఇవ్వు. నువ్వు ఆ ఇంట్లో ఒక్కడివే ఉండకు, ఆసుపత్రికి వెళ్ళి మామయ్య మంచం పక్కన కూర్చో. ఒక్క ముక్క రాయి. వంకరగా అయినా సరే, రాయి.

చిట్టి

* * *

చిట్టికి,

ఇది నా చేతిరాతే. కళ్ళు వచ్చాయి. చాలాకాలం తర్వాత రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో.

మీ బావ పోయాడమ్మా.

మొదట్లో రోజూ ఆసుపత్రికి వచ్చి కూర్చునేవాడు. తర్వాత ఒకరోజు రాలేదు. మర్నాడు వడ్రంగి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. వెనకగదిలో ఉన్నాడట. అన్నాళ్ళు మానినవాడు ఒక్కసారి మునుపటంత వేసుకుంటే ఒళ్ళు తట్టుకోదని డాక్టరు అన్నాడు. నన్ను కళ్ళకు కట్టుతోనే తీసుకువెళ్ళారు. వాణ్ణి నేను చూడలేదు. చేత్తో తడిమాను. గడ్డం గీసుకున్నాడు. అక్కకూ నీకూ వెంటనే కబురు చేస్తామని అందరూ అన్నారు. వద్దు, నేనే రాస్తానన్నాను. అక్కకు నువ్వు చెప్పు.

కట్టు విప్పి ఇంటికి పంపాక వెనకగదిలోకి వెళ్ళాను. ఇన్నాళ్ళకు నా కళ్ళతో నేను మొదట చదివింది అల్లుడుగారి పాదముద్రలు.

తర్వాత నీ ఉత్తరాలన్నీ తీసి చదువుకున్నాను. వాడు మింగేసిన పేరా చదివాను. నేను పంపిన ఉత్తరాల్లో కింద వాడేం రాసేవాడో మాత్రం నాకు తెలియదు. అవి నీ దగ్గరున్నాయి. ఎప్పుడైనా పంపు.

నీకొక సంగతి చెప్పాలి. ఎలుకల మందు సంగతి ఒక్కటే నా పొరపాటు. నీ మొదటి జవాబు వినగానే నాకంతా అర్థమైంది. గ్లాసులూ, సారాకొట్టూ, కాళ్ళు కడుక్కోవడం, అంతా నేను కావాలని ఆడిన ఆట. నీ ఉత్తరం వచ్చిన రోజూ, జవాబు రాయించిన రోజూ వాడు బయటికి వెళ్ళేవాడు కాదు చిట్టీ. నా పక్కన కూర్చుని నవ్వేవాడు. నాకు అర్థం కాకపోయిన కొద్దీ నువ్వు పెద్ద ఉత్తరం రాసేదానివి. వాడు అంతసేపు కూర్చునేవాడు. నువ్వు రెండో తలుపు గురించి రాసినప్పుడు, ఇది నేను ముందే కనిపెట్టానే అని లోపల గర్వపడ్డాను కూడా.

నువ్వు కాళ్ళు కడుక్కోమని రాసేదానివి కాదని నాకు తెలీదా? అక్కడ వాడి గొంతు మారింది. ఏదో దాటేశాడని తెలుసు. అడిగితే మళ్ళీ చదవడేమోనని ఊరుకున్నాను. ఆ పాదముద్రల కాగితం మీద ఉన్నవి అక్షరాలని కూడా తెలుసు. ఏం అక్షరాలో తెలియదు. వాడు అంతగా నవ్వుతున్నాడు, ఆపడం ఎందుకనిపించింది.

డబ్బా మూత తీశాను. లోపల ఏమీ లేదు. ఎప్పుడో ఖాళీ అయిపోయింది. ఎలుకలు అందుకే ముట్టుకోలేదు, మీ అత్తయ్యంటే భయమూ కాదు ఏమీ కాదు. ఖాళీడబ్బా మూత నేను రోజూ గట్టిగా నొక్కుతూ వచ్చాను.

నువ్వు చెప్పినట్టే దాన్ని అక్కడినుంచి తీసేశాను.

అల్లుడుగారిని ఒంటరిగా ఉంచకు. మీ పెద్దాయన ఏమన్నా సరే, పని అయ్యాక కూడా ఆ రెండో తలుపు తెరిచే ఉంచు. నాకు ఉత్తరం రాస్తూ ఉండు. ఇక నుంచి అన్నీ అర్థం చేసుకుంటాను.

ఇట్లు,
మీ మామయ్య

తా.క.: ఇది వాడి చోటు. వదిలేశాను.